నెమలిని కడిగేసిన సాయంత్రం

నా చిన్నప్పుడు తెల్లగా, నున్నగా మెరిసేదే మంచి కాగితమని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో నేను చేసిన ఒక పని వల్ల మా పక్కింటి అక్క పెద్ద ఇబ్బందిలో పడింది. అప్పుడు నాకు పదేళ్లు.

మేము కోయంబత్తూరులో, పోదనూరు వెళ్లే దారిలో, ఒక నూలు మిల్లు తన కార్మికుల కోసం కట్టించిన వరస ఇళ్లలో ఉండేవాళ్లం. నాన్న ఆ మిల్లులో పత్తి ఏకే యంత్రాల దగ్గర పనిచేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన కనుబొమల మీద కూడా దూది పీచు అంటుకుని ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బళ్లోనూ తమిళం. మా తెలుగులోకి తమిళ మాటలు దొర్లేవి: అవునుకి ఆమా, త్వరగాకి సీక్రం, నొక్కి చెప్పాలంటే తాన్, ఆడపిల్లని ముద్దుగా అమ్మిణి. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను.

పక్కింటి అక్క వ్యవసాయ కళాశాలకు బొమ్మలు వేసి ఇచ్చేది. దేవుళ్ల బొమ్మలు కావు. పత్తి ఆకు, పత్తి కాయ, కాయను తొలిచే పురుగు, ఆకు మీది తెగులు. అవి రైతుల పుస్తకాల్లో అచ్చయ్యేవి. ఫొటో తీస్తే సరిపోదా అని ఒకసారి అడిగితే, ఫొటోకి రంగు తెలీదు కదా అంది. బడి వదలగానే నేను వాళ్లింటి కిటికీ పక్కన చేరి కుంచెలు కడిగిపెడుతూ, నోరు మూయకుండా ప్రశ్నలు వేస్తూ ఉండేదాన్ని. ఆమె విసుక్కున్న గుర్తు లేదు.

ఆమె మంచం కింద రెండు రకాల కాగితాలు ఉండేవి. ఒకటి తెల్లటి కట్ట, చేయి వేస్తే జారిపోయేది. రెండోది మద్రాసు నుంచి తెప్పించింది, పొడవాటి రేకు గొట్టంలో చుట్టి ఉండేది. అది గంజి రంగులో, మసగ్గా, గరుగ్గా ఉండేది. చూసి చూసి, అది పాతబడి పక్కన పెట్టేసిన సరుకని నాకు నేనే తేల్చుకున్నాను. ఒకరోజు అక్క ఇంట్లో లేనప్పుడు గొట్టంలోంచి ఒక కాగితం లాగి తెచ్చుకుని, బడి రంగులతో పెద్ద నెమలిని వేశాను. రంగులు ఎంత చక్కగా కుదిరాయో! అదంతా నా గొప్పే అనుకున్నాను. అడగకుండా తెచ్చిన భయం మాత్రం ఉంది. అందుకే ట్రంకుపెట్టె వెనక దాచాను.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం అక్క రిక్షాలో వచ్చింది. ఒళ్లో ఒక మట్టికుండీ, అందులో పత్తి మొక్క, మొక్కకి ఒకే ఒక మొగ్గ. అది కళాశాల తోటలో కొత్తగా పెంచిన రకమట. మొగ్గ మర్నాడు పొద్దున విచ్చుకుంటుందట. పత్తి పువ్వు పొద్దున వెన్న రంగులో ఉండి, సాయంత్రానికి గులాబీ రంగుకి తిరిగి, మరుసటి రోజుకి వాడిపోతుంది. ఆ మొదటి రంగును ఆ పూటే పట్టుకోవాలి. అచ్చుకి వెళ్లే పుస్తకంలో ఆ ఒక్క బొమ్మే మిగిలింది. సోమవారం మనిషి వచ్చి తీసుకెళ్తాడు.

అక్క రేకు గొట్టం మూత తీసింది. ఖాళీ. తలకిందులు చేసి తట్టింది.

"ఇంకొకటి ఉండాదే..." అంది తనలో తాను.

పరుగున ఇంటికి వెళ్లి నెమలిని తెచ్చి ఆమె ముందు పెట్టాను. "నేను తాన్ ఎత్తుకుంటినక్కా. పాతదని పారేస్తావనుకుంటి."

అక్క ముఖం పాలిపోయింది. తిడుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె చెప్పులు వేసుకుని, "ఇంకొకసారి అడిగి ఎత్తుకో అమ్మిణీ. ఇప్పుడు పద, బజారుకి పోయొద్దాం" అంది. అంతే.

మంచం కింది తెల్ల కట్ట పెన్సిలు గీతలకేనట, రంగు వేస్తే నిలవదట. పెద్దబజారు పక్క సందులో ఒక కాగితాల కొట్టు ఉండేది. కొట్టాయన అక్కని ఎరుగును. అయిదారు రకాల కాగితాలు పరిచాడు. "నువ్వు ఎంచు" అంది అక్క నాతో. నేను అన్నిటికంటే తెల్లగా ఉన్నదాని మీద వేలు పెట్టాను. ఆమె అవునూ కాదూ అనలేదు. ఒక్కో రకంలోంచి చిన్న ముక్క అడిగి తీసుకుని, అంచును నాలుకకి తాకించింది. నాకూ ఇచ్చింది. నేను ఎంచినది నాలుకకి టక్కున అతుక్కుపోయింది. తడిని లాగేసే కాగితం అలా అతుక్కుంటుందట. తర్వాత ముక్కల్ని వెలుతురుకి ఎత్తి పట్టింది. కొన్నిటి లోపల పలచన, దట్టం కలిసి మబ్బుల్లా కనిపించాయి, అది మంచిది కాదట.

చివరికి కొట్టాయన కూజాలోంచి నీళ్లు అడిగి, ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేసింది. ముగ్గురం తలలు ఆనించి చూస్తూ కూర్చున్నాం. నా తెల్ల కాగితం చుక్కని చిటికెలో మింగేసి అప్పడంలా ఉబ్బింది. ఇంకోదాని మీద చుక్క చేమాకు మీద ఉన్నట్టే నిలిచింది. అదే మంచిదని నేను చప్పట్లు కొట్టబోతే అక్క తల అడ్డంగా ఊపింది. నీళ్లు బొత్తిగా దిగకపోతే రంగు పట్టదట. మరొకటి ఆ రెండు పరీక్షలకీ ఆగింది కానీ, తడి మీద వేలితో రాయగానే నూగు లేచింది. మిగిలినవీ నిలవలేదు.

"మద్రాసుకి రాస్తే పది దినాలు అయితాది తల్లీ" అన్నాడు కొట్టాయన, తప్పు తనదే అయినట్టు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపు వస్తోంది, అయినా బుర్ర ఊరుకోవడం లేదు. ఆ చుక్కలే కళ్లముందు తిరుగుతున్నాయి. భయపడుతూనే అడిగాను.

"అక్కా, మంచి కాయితంలో నీళ్లు సీక్రం దిగవు కదా? అట్లయితే నా నెమలి కూడా పైపైనే ఉంటాది కదా? కడిగితే పోతాదా?"

అక్క ఇటు తిరిగింది. నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "తెలీదే" అంది. "నేనెప్పుడూ కడిగింది లేదు. చూద్దామా?"

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. ముందు అంచున సన్నటి పీలిక చించి తడిపి చూసింది. అప్పుడే షిఫ్టు దిగిన నాన్న సంగతి విని, ఆ పీలికని అందుకుని, మిల్లులో చేసినట్టే గోళ్లతో పీచు లాగాడు. పొడుగ్గా వచ్చింది.

"ఇది మన పత్తి తాన్!" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఆమా, మామా. పాత నూలు గుడ్డలు నానబెట్టి, దంచి చేస్తారు. నేతలో పడుగు నూలుకి గంజి పెడతారు కదా, దీనికీ ఆ మాదిరే జిగురు పట్టిస్తారు" అంది అక్క.

నాన్న చాలాసేపు నవ్వాడు. ఇన్నేళ్లుగా తాను దులుపుకునే దూది మీదే పక్కింటి అమ్మాయి పువ్వులు వేస్తోందన్నమాట.

పెరట్లో కాగితాన్ని చెక్క పలక మీద పరిచి, నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే, అక్క మెత్తటి గుడ్డతో ఒకే వైపుకి తుడుస్తూ వచ్చింది. నెమలి మెడ నీలం నీళ్లయి కాలవలోకి పోయింది. నా బొమ్మ పోతున్నందుకు దిగులు, పోతున్నందుకే సంతోషం. బడి కాగితమైతే ముద్దయిపోయేది. ఇది చెక్కుచెదరలేదు. తోక ఉన్నచోట అరచేయంత పచ్చ మరక మాత్రం ఎంత తుడిచినా వదల్లేదు. అక్క కాగితం అంచుల్ని మైదా జిగురుతో పలకకి అతికించి, నీడలో ఆరబెట్టింది.

ఆదివారం పొద్దున కాగితం డప్పులా బిగిసి ఉంది. పువ్వు విచ్చుకుంది. అక్క మొక్కని కొంచెం తిప్పి, ఒక ఆకు సరిగ్గా ఆ పచ్చ మరక మీదికి వచ్చేలా పెట్టుకుని కూర్చుంది. నేను పువ్వుకి ఎండ తగలకుండా తాటాకు విసనకర్ర అడ్డం పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం కాకముందే వెన్నరంగు పువ్వు కాగితం మీద ఉంది. సోమవారం వచ్చినాయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, ఆకు పచ్చదనం భలే పడిందని మెచ్చుకుని పట్టుకెళ్లాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, నవ్వు వస్తుందని.

నేను చిత్రకారిణిని కాలేదు. మిల్లులోనే, పత్తి నాణ్యత చూసే గదిలో పనిచేసి రిటైరయ్యాను. కాగితాన్ని ఎలా ఎంచాలో అక్క ఆరోజు చెప్పింది చాలావరకు నిజమేనని తర్వాత తెలిసింది. కానీ నాలో నిలిచిపోయింది అది కాదు. అంత నష్టం చేసిన పిల్ల ప్రశ్న అడిగితే, నువ్వు నోరు మూసుకో అనకుండా, తెలీదే అని ఒప్పుకుంది ఆమె. నా కింద పనిచేసిన ఆడపిల్లలు పొరపాటు చేసి, బిక్కముఖంతో వచ్చి ఏదో అడిగినప్పుడు, నాకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పాను. చెప్పి, కుర్చీ జరిపి, కలిసి చూడటానికి పక్కన చోటు ఇచ్చాను.