వానకాలపు కావలి

మా పెద్దోడు పోయిన సంగతి నాకు బెస్తలింటి అక్క చెప్పింది. కార్తీక మాసం. బారెడు పొద్దెక్కింది. నేను వాకిట్లో జొన్నలు చెరుగుతున్నాను. ఆమె రేవు నుంచి నడిచి వచ్చింది. పరుగెత్తి రాలేదు. వచ్చి చేట మీద చెయ్యి పెట్టి ఆపింది.

"చెల్లె, జర ఆపు. మీ పెద్దోడు నీళ్లల్లనే ఉండిపోయిండు" అన్నది.

నేను చేటలోని జొన్నలు గంపలో పోసి, కోళ్లు తింటాయని పైన మూత పెట్టి, లేచాను. అట్లా మూత ఎట్లా పెట్టగలిగావని తర్వాత చాలామంది అడిగారు. ఎట్లా పెట్టానో నాకూ తెలియదు.

చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను చదువుకున్నదాన్ని కాదు. ఊళ్లో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట నడిచిన బడిలో అక్షరాలు దిద్దాను. నన్ను ఆ బడికి పంపింది మా పెద్దోడే. రేవులో సర్కారువాళ్లు ఒక రేకుబోర్డు పాతారు, పుట్టిలో ఎంతమంది ఎక్కాలో దాని మీద రాసి ఉంటుంది. "బోర్డయితె వెట్టిండ్రు, చదివెటోళ్లే లేరు. నువ్వన్న నేర్చుకో అమ్మా, రేవుకాడ ఒక్కరన్న చదివినోళ్లు ఉండాలె" అన్నాడు. నేను కూడబలుక్కుని మొట్టమొదట చదివింది ఆ బోర్డే. అందుకని నా రాతలో పొరపాట్లుంటే ఓర్చుకోండి.

మాది కృష్ణ ఒడ్డున ఊరు. కొల్లాపూర్ సంతకు నడిచిపోయి పొద్దుగూకేలోపల తిరిగి రావచ్చు. మేము గొర్లు కాసేవాళ్లం. ఏరు దాటాలంటే పుట్టి ఒక్కటే దారి. పుట్టి అంటే పెద్ద వెదురు బుట్ట, కింద తోలు తొడుగు, గుండ్రంగా ఉంటుంది. ముందు, వెనక అని దానికి ఉండదు. బరువు సరిగ్గా ఉన్నంతసేపు ఎంత నెమ్మదిగా పోతుందో, ఒక పక్కకు ఒరిగిందంటే అంత తొందరగా బోర్లా పడుతుంది.

కొన్నేండ్ల కింద అట్లాగే ఒకటి బోర్లా పడింది. అందులో గొర్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిసి ఎక్కారు. గొర్లను పుట్టి ఎక్కించడానికి మా తాతల నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. మందకు ముందు నడిచే పొట్టేలును ముందుగా ఎక్కిస్తారు. అది ఎక్కిందంటే మంద దానంతట అది వెనకే ఎక్కుతుంది, మనకు శ్రమ ఉండదు. కాని ఒకసారి ఎక్కడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు పొట్టేలు ఉన్న పక్కకే మంద అంతా దూకింది. మనుషులు కూడా పోయారు.

ఆ తర్వాత జీపుల్లో ఆఫీసర్లు వచ్చారు. వచ్చి పోయాక చానా రోజులకు మా రేవుకు ఒక కర్ర పడవ, ఇద్దరు కావలి మనుషులు మంజూరయ్యారు. వానలు మొదలైన కాడ నుంచి దీపావళి దాకా సర్కారు జీతం. రేవు దగ్గర ఉండి ఎక్కువమందిని ఎక్కనియ్యకుండా చూడటం, మునిగితే పడవ వేసుకుని పోవడం వాళ్ల పని. తెడ్డు వెయ్యడానికి బెస్తల పెద్దాయనను పెట్టారు, అంటే నాకు కబురు చెప్పిన అక్క పెనిమిటిని. ఈత బాగా వచ్చునని మా పెద్దోడిని రెండో మనిషిగా పెట్టారు.

పెద్దాయనకు అది నచ్చలేదు. రేవంతా వినేటట్టు అనేవాడు: "నిన్నటి దాన్క గొర్లను లెక్కవెట్టినోడు నేటి సంది మనుషులను లెక్కవెడ్తడంట. ఇగ ఏరు దాటినట్టే!"

నిజానికి మా పెద్దోడు లెక్కపెట్టింది కూడా గొర్లను లెక్కపెట్టినట్టే. దొడ్డి వాకిట్లో మేము రెండు కర్రలు పాతి, వాటి నడుమ నుంచి జీవాలను జతలు జతలుగా వదులుతాం. వాడు రేవులో కూడా అట్లాగే రెండు కర్రలు పాతాడు. ఎవరైనా సరే వాటి నడుమ నుంచే పుట్టి దగ్గరికి పోవాలి. సంతకు పోయే ఆడవాళ్లకు కోపం వచ్చేది.

"ఏందిర, మమ్ముల గొర్లనుకున్నవా?" అనేవాళ్లు.

"గొర్లయితె చెప్పిన మాట ఇంటయి పెద్దమ్మా. మీకాడనే కష్టం" అనేవాడు.

నవ్వేవాళ్లు నవ్వేవారు, తిట్టేవాళ్లు తిట్టేవారు. కాని ఆ కర్రల నడుమ నుంచే పోయేవాళ్లు. ఇంకొక్కరు, ఇంకొక్కరు అని బతిమాలేవాళ్లకు వాడి దగ్గర ఒకే మాట ఉండేది. "ఏరు యాడికీ పోదు. రేపు గూడ ఈడనే ఉంటది. నువ్వుండాలె గదా." ఆ మాట వినీ వినీ పెద్దాయనకు కూడా అలవాటయింది. వాడు లేని పూట తనే అనేవాడు, తన సొంత మాట లెక్క.

పొట్టేలు ముందు ఎక్కొద్దు, అన్నిటికంటే చివర ఎక్కాలి అని వాడు పెట్టిన నియమం మాత్రం మా ఇంట్లోనే గొడవ తెచ్చింది. పొట్టేలు ఒడ్డున ఉంటే మంద కదలదు. ఒక్కొక్క గొర్రెను ఎత్తి పుట్టిలో వెయ్యాలి. మా ఇంటాయనకు నడుము నొప్పి. ఒకరోజు గొర్రెను కింద పడేసి కొడుకు మీదికి లేచాడు.

"నా తాత గట్లనే ఎక్కిచ్చె, నా నాయిన గట్లనే ఎక్కిచ్చె. నీ సర్కారు కొలువు మా నడుములు ఇరగ్గొట్టనీకె వచ్చిందారా?"

"నడుము ఇరిగితె కాపడం వెట్టొచ్చు నాయినా" అన్నాడు వాడు. ఆ కింద పడ్డ గొర్రెను తానే ఎత్తాడు.

ఇంటాయన ఆ పూట అన్నం పెడితే గోడవైపు తిరిగి తిన్నాడు. వాడు మట్టుకు పొట్టేలును ఒడ్డున ఒక బండరాయి దగ్గర నిలబెట్టడం అలవాటు చేశాడు. మొదట్లో తాడుతో కట్టేవాడు. తర్వాత తాడు మెడలోనే ఉండేది, కట్టేవాడు కాదు. మంద అంతా దాటాక ఇగ ఎక్కమని వాడు చెబితేనే అది కదిలేది.

ప్రతి ఏడూ దీపావళి అయిన మర్నాడు పడవను ఒడ్డుకు లాగి, గొలుసు వేసి, తాళం పెట్టి, తాళంచెవి సర్కారు కచేరిలో ఇచ్చి రావాలి. గొలుసు వేశాక వాడి కొలువు లేదు, జీతం లేదు. కాని ఒక్క పని మాత్రం మానలేదు. ఎండకు కర్రపడవ పలకలు విచ్చుకుంటాయి. విచ్చుకుంటే మళ్లీ వానలప్పుడు నీళ్లలో దించగానే మునిగేది అదే. అందుకని గోనెపట్టాలు ఏట్లో తడిపి పడవ మీద కప్పేవాడు. రోజూ పొద్దున పోయి తడిపి వచ్చేవాడు. కోడలు విసుక్కునేది.

"జీతం లేని నెలల్ల గూడ ఆ పడవకు తానాలు వోయనీకె పోతడు. ఇంట్ల బిడ్డకు నేనొక్కదాన్నే పొయ్యాలె."

"బిడ్డకు నువ్వున్నవు. దానికెవరున్నరు?" అని వాడు నవ్వుకుంటూ పోయేవాడు.

ఒక ఏడు నేనే అన్నాను, తాళంచెవి ఇంట్లో పెట్టుకోరాదా, కార్తీకంలో తానాలకు వచ్చేవాళ్లు చానా మంది కదా అని. "సర్కారు పడవ అమ్మా. మంజూరు లేని దినాల మన చెయ్యి దాని మీద వడొద్దు. పడితే మల్లొచ్చే ఏడు అసలుకే ఇయ్యరు" అన్నాడు. వాడి భయం అదొక్కటే. వచ్చే ఏడు మంజూరు వస్తదా రాదా అని. వానలు మొదలయ్యే మిరుగు కార్తె ముందు నుంచి కచేరి చుట్టూ తిరిగేవాడు. మంజూరు వచ్చిన రోజు ఇంటికి బెల్లం తెచ్చేవాడు.

ఈసారి కార్తీకంలో వరద లేదు. ఏరు నెమ్మదిగా ఉంది. అందరూ అదే చూశారు. అవతలి ఒడ్డున తానాలు చేసి తిరిగి వస్తున్నవాళ్లు ఒకే పుట్టిలో నిండిపోయారు. నీళ్లు చల్లగా, సాఫుగా ఉన్నప్పుడు ఎవరికీ భయం ఉండదు. ఆ వేళకు మా పెద్దోడు పడవ దగ్గరే ఉన్నాడు, గోనెపట్టాలు తడుపుతున్నాడు. తర్వాతి సంగతి బెస్తల పెద్దాయన చెప్పిందే నేను రాస్తున్నాను.

ఏటి నడుమ గుండ్రాళ్ల దగ్గర పుట్టి ఒరిగి బోర్లా పడింది. అరుపులు వినిపించాయి. వాడు రాయి తీసుకుని పడవ తాళం మీద కొట్టాడు. కొట్టాడు, కొట్టాడు. అది పగలలేదు. రాయి పారేసి, ఒడ్డున ఉన్న పెద్దాయన చిన్న పుట్టిలోకి వాడు దూకాడు, పెద్దాయన తెడ్డు అందుకున్నాడు. ఇద్దరూ పోయి కొంతమందిని పుట్టి అంచు పట్టించి ఒడ్డుకు తెచ్చారు. మళ్లీ పోయారు. పుట్టి చిన్నది, అంచు పట్టుకున్నవాళ్ల బరువుకే ఒరుగుతోంది. "నేనుంటే ఇది గూడ మునుగుతది మామా, నువ్వు వీళ్లను తీసుకపో" అని వాడు నీళ్లలోకి దిగాడు. పెద్దాయన తీసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి వాడు పైన లేడు.

మర్నాడు దిగువన చేపలవాళ్లకు దొరికాడు. తెచ్చారు. చెయ్యాల్సినవన్నీ చేశాం. పుట్టిలోవాళ్లలో ఎక్కువమంది బతికారు. అందరూ కాదు.

పెద్దకర్మ అయిన తర్వాత కచేరి నుంచి విచారణకు గిర్దావరు సాబు, అంటే రెవెన్యూ ఆఫీసరు, వచ్చాడు. మంచి మనిషి, వయసులో మా పెద్దోడికంటే చిన్నవాడే. మొదట రేవుకు పోయి పడవ చూశాడట. తాళం మీద రాతిదెబ్బల సొట్టలను బొటనవేలితో తడిమాడట. తర్వాత మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చల్ల ఇచ్చాను. తాగలేదు, గిన్నె పట్టుకునే కూర్చున్నాడు.

"అవ్వా, ఒక మాట చెప్పనీకె నోరొస్తలేదు" అన్నాడు.

"చెప్పు సారూ."

"కొలువుల ఉండంగ పోయినోళ్ల ఇంటోళ్లకే సర్కారు పైసలిస్తది. మంజూరు దీపావళికే అయిపోయింది. అప్పుడు ఆయన కావలి మనిషి కాదంటరు."

కోడలు తలుపు చాటున ఉంది, విన్నది. బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. మా ఇంటాయన లేచి గొర్ల దగ్గరికి పోయాడు. నేనే మిగిలాను.

"మావాడు కావలి మనిషా కాదా మీరే రాసుకోండ్రి. రేవు సంగతి చెప్పు. కార్తీకానికి కావలి ఎందుకుండదు?" అని అడిగాను.

"వానకాలమే వరదొస్తది గదా అవ్వా. తర్వాత నీళ్లు తక్కువుంటయి, కావలెందుకంటరు పైనోళ్లు."

"మనిషి మునగనీకె ఎన్ని నీళ్లు గావాలె సారూ?"

ఆయన చల్ల తాగి గిన్నె కింద పెట్టాడు. లేచేముందు, శివరాత్రి దాకా కావలి ఉంచాలని తాను రాసి పంపుతానన్నాడు. పంపాడని తర్వాత తెలిసింది. పై నుంచి ఇంకా ఏ సంగతీ రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. ఇది చదివేవాళ్లలో ఎవరిదైనా మాట అక్కడి దాకా పోయేదుంటే, ఇంతే చెప్పండి. పడవ ఉంది. తెడ్డు వేసే పెద్దాయన ఉన్నాడు. తాళంచెవి మాత్రం రేవుకు దూరంగా ఉంది.

వాడు పోయాక గోనెపట్టాలు నేను తడుపుతున్నాను. ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు పోయినప్పుడు అవి ఎండి అట్టల లెక్క ఉన్నాయి. పక్కకు తీస్తే పలకల నడుమ సందు కనబడింది. రోజూ తడుపుతుంటే సందు మళ్లీ కూడుకుంది. వాడు చెప్పింది నిజమే. బెస్తలింటి అక్క అప్పుడప్పుడు వచ్చి ఒక కొస పట్టుకుంటుంది. నీళ్లు పిండం, నీళ్లతోనే కప్పుతాం.

మొన్న మాఘంలో మంద ఏరు దాటింది. అవతలివాళ్లు కోతలయ్యాక పొలంలో గొర్లను పండబెట్టమని ఎరువు కోసం పిలుస్తారు, ప్రతి ఏడూ పోయేదే. నేను పడవ దగ్గర గోనెలు తడుపుతున్నాను. పెద్దాయన పుట్టి ఒడ్డుకు తెచ్చి ఇంటాయన ముఖం చూశాడు. పాపం, నడుము సంగతి ఆయనకూ తెలుసు.

"బావా, ఈ ఒక్కసారికి పొట్టేలును ముందు ఎక్కిద్దాం. ఎవరున్నరు మనలను అడిగెటోళ్లు?" అన్నాడు.

మా ఇంటాయన ఒక గొర్రె కడుపు కింద చెయ్యి వేసి ఎత్తి పుట్టిలో దించాడు. నడుము పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంకొక దాన్ని ఎత్తాడు. పెద్దాయన తెడ్డు కింద పెట్టి తనూ వచ్చి ఎత్తాడు. పుట్టి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి మంద అంతా అవతలి ఒడ్డున ఉంది.

ఇవతల బండరాయి దగ్గర పొట్టేలు ఒక్కటే మిగిలింది. అవతలి నుంచి గొర్లు అరుస్తున్నాయి. దాని మెడలోని తాడు ఇసుకలో పడి ఉంది, కొస ఎవరి చేతిలోనూ లేదు. అయినా అది కదలలేదు. ఏరు వైపు కాదు, నా వైపు, తడి గోనెలు కప్పిన పడవ వైపు చూస్తూ నిలబడింది, ఎవరో వచ్చి ఇగ ఎక్కమని చెప్పాలన్నట్టు.