తార్నాకలో మామ చుట్టిన తెల్లపాగా

నాన్న దినాల రోజున మా ఇంట్లో ఒక పని జరగకుండా మిగిలిపోయింది. మా వైపు తండ్రి పోయాక దినాలనాడు, మేనమామ కొత్త తెల్లగుడ్డ తెచ్చి కొడుకు తలకు పాగా చుడతాడు. ఆ పాగాతో లేచి అందరికీ దండం పెట్టినవాడే అప్పటినుంచి ఆ ఇంటికి పెద్ద. మా నాన్నకు నేనొక్కదాన్నే. చిన్నాయన కొడుకు రమేశ్‌కు కడదామని పెద్దలు అనుకున్నారు. కానీ కట్టాల్సిన మామ, పక్షవాతం వచ్చి హైదరాబాదులో మంచం మీద ఉన్నాడు. ఆయన పంపించిన గుడ్డ అలాగే మడతపెట్టి బీరువాలో పెట్టాం. నెల తిరక్కుండానే ఎవరో పెళ్లి పిలుపుకు వచ్చి, వాకిట్లోనే నిలబడి, "ఈ ఇంట్లో పిలుపు ఎవరికి చెప్పాల?" అని అడిగి, చివరికి చిన్నాయన ఇంటికి వెళ్లి బొట్టు పెట్టారు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. "నువ్వు పోయి మీ మామను అడిగి రా. ఎప్పుడు రాగలడో, లేకుంటే ఇంకెవరిచేత కట్టించమంటాడో" అని, ఆయన చెయ్యి తగిలినా చాలనుకుని గుడ్డ కూడా నా సంచిలో పెట్టింది. అలా బయలుదేరాను.

కర్నూలులో తెల్లవారుజామున రైలెక్కితే ఎండ ముదిరేలోపే కాచిగూడలో దిగొచ్చు. స్లీపర్ టికెట్టు రెండు వందల లోపే. కాచిగూడ నుంచి తార్నాకకు విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా ఆటోలో వెళ్లడం సులువు. సికింద్రాబాదులో దిగేవాళ్లకైతే మెట్రో మేలు, తార్నాక రెండో స్టేషనే. నా ఆటో డ్రైవరు రెండు వందల యాభై అడిగి రెండు వందలకు ఒప్పుకున్నాడు. నడివయసు మనిషి. విశ్వవిద్యాలయం చెట్ల కిందికి రాగానే వేగం తగ్గించి, "గీడికి వస్తే చాలు మేడం, బండి గూడ సల్లబడ్తది" అన్నాడు. నిజమే. అంత సేపూ మొహానికి కొట్టిన వేడిగాలి అక్కడ ఒక్కసారిగా తగ్గింది.

మామ పేరు వెంకటసుబ్బయ్య. ఆ క్యాంపస్‌లోనే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తార్నాకలో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక సందులో వాళ్ల ఫ్లాటు. తలుపు తీస్తూనే సరోజత్త నా చేతిలోని సంచి అందుకుని, "ఎండన బడి వచ్చినావు పద్మా. ముందు కాళ్లు కడుక్కోని తిను, మాటలు తర్వాత" అంది. బొరుగులతో చేసిన వేడివేడి ఉగ్గాని, బజ్జీలు. హైదరాబాదులో ముప్ఫై ఏళ్లున్నా అత్త వంటింట్లో కర్నూలు కర్నూలుగానే ఉంది. మామ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచేయి ఒళ్లో పెట్టుకున్నాడు, అది తనది కానట్టు. నేను విషయం చెప్పాను. ఆయన ఎడమచేత్తో ఆ చేతిని ఎత్తి చూపించాడు.

"ఈ చేత్తో గ్లాసే పట్టుకోలేకున్నా పాపా. పాగా ఏం చుట్టేది? రమేశుకు ఇంకెవరిచేతనన్నా కట్టించుకోండి" అన్నాడు. మాట కాస్త ముద్దగా వస్తోంది. సరేనన్నాను. దినాలనాడు నేను తలుపు పక్కన నిలబడి, నాన్న కోసం వచ్చినవాళ్లంతా చిన్నాయనతో మాట్లాడి వెళ్లిపోవడం చూశాను. ఆ రోజు ఏమీ అనలేదు. ఇప్పుడూ అనలేకపోయాను.

అప్పుడే పై అంతస్తులో అద్దెకుండే మౌనిక వచ్చింది. సిద్దిపేట వైపు రైతుల ఇంటి అమ్మాయి, క్యాంపస్‌లో చరిత్రలో పరిశోధన చేస్తోంది. ఆమె పరిశోధన తలపాగాల మీదేనట! తమ విభాగంలో ఒక గదిలో పాత పాగాలు, పెళ్లి రుమాళ్లు ప్రదర్శనకు పెట్టారని, మామను తీసుకెళ్తానని వారం నుంచీ అడుగుతోందట. "ఇయ్యాల అక్క గూడ ఉన్నది గద అంకుల్, ఆటోల పోయొద్దాం. అందరు మిమ్మల్ని అడుగుతున్నరు" అంది. జబ్బు చేసినప్పటినుంచి మామ ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు. అత్త ఆయనకు సమాధానం చెప్పే వీలివ్వకుండా చొక్కా తెచ్చి తొడిగింది.

ఆ గది చిన్నదే. పాగాలన్నీ బోర్లించిన మట్టికుండల మీద చుట్టి వరసగా పెట్టారు. మొదటిది నిజాం కాలపు దర్బారు దస్తార్. దర్బారుకు వెళ్లేవారు షేర్వానీ తొడిగి, నడుముకు పట్టీ బిగించి, అది పెట్టుకునే వెళ్లేవారట. ముందే చుట్టి కుట్టేసినది కాబట్టి టోపీలా పెట్టుకోవడమే. దాని పక్కన పెళ్లికొడుకు ఎర్రరుమాలు, నుదుట కట్టే బాసికం. ఆ తర్వాత గొర్రెలు కాసేవాళ్ల ముతక పాగా. ఎండకు నీడ, పడుకుంటే తలగడ, బావి దగ్గర చేంతాడు, అన్నీ అదేనట. మౌనిక ఒక్కోదాని ముందు ఆగి చెప్పింది. ప్రభువు ఎవరినైనా మెచ్చుకుంటే తలకు పాగా చుట్టించేవాడు. ఓడినవాడు తన పాగా తీసి గెలిచినవాడి కాళ్ల దగ్గర పెట్టేవాడు. అంటే మనిషి పరువంతా ఆ గుడ్డలోనే ఉండేదన్నమాట.

చివరి కుండ మీద తెల్లపాగా ఉంది. జరీ లేదు, అంచు లేదు. అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మౌనిక గొంతు తగ్గించింది. "ఇది మా బాపుది అక్కా. మా తాత పోయినప్పుడు కట్టిన్రు. అప్పటిదాంక ఇంట్ల ఏం అడిగినా బాపు 'తాతను అడుగుపో' అంటుండె. ఆ దినం నుంచి ఒక్కసారి గూడ ఆ మాట అనలే."

నేను ఉండబట్టలేక అడిగాను. "కొడుకులు లేకపోతే మీ వైపు అన్నదమ్ముల పిల్లలకు కడతారా?"

మౌనిక వింతగా చూసింది. "వాళ్లకు వాళ్ల నాయన ఉంటడు గద అక్కా! నాయన బతికుండంగ కొడుకు నెత్తికి తెల్లపాగ కడ్తే ఏమైతది? ఆయనె పోవాలె అన్నట్టు అయితది. ఎవ్వరు ఒప్పుకోరు. తండ్రి పోయినోళ్లకే గా పాగ. నెత్తి మీది నీడ పోయింది, ఇగ నువ్వే నీడవు అని చెప్పుడు."

మామ గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. కాసేపటికి తనలో తను అనుకుంటున్నట్టుగా, "మన తట్టు కూడా అంతే" అన్నాడు. "నాకు కట్టినప్పుడు పంతొమ్మిదేళ్లు. గుడ్డ ఎంత బరువుంటుంది? అయినా మెడ నిలబెట్టలేక ఏడ్చినా. రమేశుకు వాళ్ల నాయన రాయిలాగ ఉండాడు. మనమందరం ఏం ఆలోచన చేసినాము పాపా?" తర్వాత నన్ను తేరిపార చూశాడు. "నాయన పోయింది నీకు గదా!"

ఆయన్ని లేపడానికి నా భుజం అందించాను.

ఇంటికి రాగానే మామ చిన్నాయనకు ఫోన్ చేయించాడు. స్పీకర్లో పెట్టమన్నాడు. "బావా, ఆ పాగా పద్మకు కడదామనుకుంటా ఉండా. నువ్వేమంటావు?" అని అడిగాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన గొంతు వినిపించింది. "ఈ ముక్క ఎవరన్నా అంటే బాగుండునని నేను గూడా చూస్తా ఉండా బావా. నేను కళ్ల ముందర ఉండంగా నా కొడుక్కు తెల్లపాగా కడతామంటే నాకేమన్నా సంతోషమా? పెద్దోళ్లు చెప్తా ఉండారని నోరు మూసుకున్నా. కట్టు, కట్టు. పాపకే కట్టు." అందరం ఒక్కసారిగా నవ్వేశాం. ఆ నవ్వులోనే నాకు కన్నీళ్లు వచ్చేశాయి.

దీపం పెట్టే వేళకు ముందే నన్ను తూర్పుముఖంగా పీట మీద కూర్చోబెట్టారు. మామ కుర్చీలోంచి లేచి నా వెనక నిలబడ్డాడు. ఎడమచేత్తో గుడ్డ చుట్టడం మొదలుపెడితే అది చెవి మీదికి జారింది. మళ్లీ చుట్టాడు. మళ్లీ జారింది. మౌనిక, "నేను కట్టాల్నా అంకుల్?" అంది. "వద్దమ్మా. ఇది నేను చేయాల్సిన పని" అన్నాడు. అప్పుడు అత్త వచ్చి గుడ్డ కొస పట్టుకుంది. "నేను బిగబట్టుకుంటా, నువ్వు చుట్టుకోని రా" అంది. ఒక చుట్టు, దాని మీద ఇంకో చుట్టు. ఆ పనికిరాదన్న కుడిచేతిని ఆయన నా నెత్తి మీద ఆనించి, గుడ్డ కదలకుండా దాని బరువుతోనే అదిమిపెట్టాడు. కొస దోపాక, "లే పాపా. పెద్దోళ్లకు దండం పెట్టు" అన్నాడు. ముందు ఆయనకే పెట్టాను.

అమ్మకు వీడియో కాల్ చేశాం. అమ్మ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పట్టుకుంది. కోప్పడుతుందేమోనని అత్త భయపడింది. "పక్కకు తిరుగు" అంది అమ్మ. తిరిగాను. "వంకర కట్టినాడు మా అన్న" అని నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "రేపు రాంగానే తీసేయొద్దు. దేవుని గూటి ముందర నేను చూసినాక తీద్దువు" అంది.

ఒక గుడ్డ గురించి అడగడానికి వెళ్లి, నాన్న చోటులో నిలబడే ధైర్యం తెచ్చుకున్నాను. అది నాకు ఒక్కరు ఇచ్చింది కాదు. తన ఇంటి తెల్లపాగాను నలుగురూ చూసేలా పెట్టి, అడిగినదానికి దాచకుండా చెప్పిన మౌనిక ఇచ్చింది. మనసులోని మాట ఆలస్యంగానైనా పైకి అనేసిన చిన్నాయన ఇచ్చాడు. కొస పట్టుకున్న అత్త ఇచ్చింది. అందరికంటే, అలవాటు చెప్పినదాన్ని వదిలి దాని అర్థం చెప్పినదాన్ని పట్టుకున్న మామ ఇచ్చాడు. వాళ్లందరికీ రుణపడి ఉన్నాను. పాగాకు మగ, ఆడ తేడా ఉందో లేదో వాదించే చదువు నాకు లేదు. దాని కింద ఉన్న తల మాత్రం ఇప్పుడు నాది.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక్క సలహా. కొత్తగుడ్డను ముందురోజే ఉతికి ఆరేయండి, గంజి ఉంటే చుట్టు నిలవదు. తిరుగు టికెట్టు మాత్రం అదే రోజుకు తీసుకోకండి. నేను తీసుకుని, రైలు వదులుకున్నాను. కట్టే చేతికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ కూర్చోగలిగేలా వెళ్లండి.