వాలుగోడల ఓడ

2024 ఫిబ్రవరి పన్నెండు, ఉదయం ఏడున్నర. ఒంగోలు నుంచి గుంటూరు వెళ్లే బస్సులో పక్క సీటులోని యువతి, తాను విశాఖలో ఫ్రిగేట్ యుద్ధనౌకలను డిజైన్ చేస్తానని చెప్పింది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి మిరప కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా ఉన్న నాకు కడుపు మండింది.

"ఆ ఓడల గోడలు వాలుగా ఎందుకుంటాయండి?" అని పరీక్షించినట్లు అడిగాను.

ఆమె స్టీలు టిఫిన్ బాక్సు మూతను నిటారుగా పట్టుకుంది. నా కిటికీలోంచి వచ్చే ఎండ దానికి తగిలి నా కళ్లలోకే తిరిగి వచ్చింది. మూతను కొంచెం వెనక్కి వాల్చగానే ఆ వెలుగు బస్సు పైకప్పుకు పోయింది.

"శత్రువుల రాడార్ తరంగాలూ అంతేనండి. నిటారుగా నిలబడ్డామా, దొరికిపోతాం!" అని నవ్వింది.

"మీ ఇంట్లో అందరూ చదువుకున్నవారేమో?" అన్నాను, అవునంటే బాగుండునని ఆశపడుతూ.

"అబ్బే, మా అమ్మానాన్నా మిరప కోతలకెళ్తారండి. డిగ్రీ దాకా వచ్చింది నేనే."

మా ఇల్లూ అంతే. నేను పైకి రాకపోవడానికి అదే కారణమని అప్పటిదాకా అందరికీ చెప్పేవాణ్ణి. ఆ తరువాత ఎవరికీ చెప్పలేదు.