నేను కలిపిన చుక్క

1971 యుద్ధం మీద వచ్చిన పుస్తకాలు మా శాఖా గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. శత్రువు చేతిలో ఉన్న పట్టణాలను మన సైన్యం ఏ దారిన వెళ్ళి విడిపించిందో వాటిలో వివరంగా ఉంది. సూర్యాపేట తంతి ఆఫీసులో ఆ రోజుల్లో జరిగిన ఒక తప్పు వాటిలో లేదు, ఉండదు కూడా. ఆ తప్పు చేసింది నేను. అప్పటి పని తెలిసినవాళ్ళం ఒక్కొక్కరమే పోతున్నాం. నా తర్వాత చెప్పేవారుండరు కనుక రాసిపెడుతున్నాను.

ఆ ఏడు డిసెంబరులో నేను అక్కడ సిగ్నలర్‌ని. తీగ మీద వచ్చే చప్పుళ్ళను విని అక్షరాలుగా రాసేవాడే సిగ్నలర్. బల్ల మీద సౌండర్ అనే చిన్న ఇత్తడి యంత్రం ఉంటుంది. దాని రెండు దెబ్బల మధ్య ఎడం తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. ఇంగ్లీషు అక్షరాలన్నీ ఈ చుక్కలు, గీతలతోనే వస్తాయి. అన్నిటికన్నా చిన్నది ‘ఇ’. దానికి ఒకే ఒక్క చుక్క.

నేను మెట్రిక్ వరకే చదివాను. ఇంగ్లీషు మాత్రం గ్రంథాలయంలో నిఘంటువు ముందు కూర్చుని సొంతంగా పట్టుకున్నాను. దాంతో ఊళ్ళో నన్ను ‘డిక్షనరీ సారు’ అనేవారు. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది. యుద్ధం మొదలయ్యాక రోజూ సాయంత్రం గ్రంథాలయంలో అట్లాసు తెరిచి, రేడియోలో విన్న పట్టణాలను చూపించేవాణ్ణి. ధాన్యం షావుకార్లు కూడా వచ్చి నిలబడేవారు. ఒకనాడు ‘అఫెన్సివ్’ అంటే దండయాత్ర అని, మనసు నొప్పించే మాటకూ అదే పదమని చెప్పాను. ఒక షావుకారు నవ్వి, “అయితే మనోళ్లు తుపాకులు తీస్కపోయిర్రా, తిట్లు తీస్కపోయిర్రా?” అన్నాడు. అందరం నవ్వాం. తూర్పు పాకిస్తాన్‌లోని జెస్సోర్ మన చేతికొచ్చిన రోజు నేనే యుద్ధం గెలిచినట్టు ఇంటికి వెళ్ళాను.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక ఉదయం హైదరాబాద్ లైను మీద సైన్యం టెలిగ్రాం వచ్చింది. చివ్వెంల దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే కొమురయ్య పేరున. ఆయన కొడుకు సిపాయి లింగయ్య. గాయపడ్డాడని వచ్చింది. తర్వాత డి, ఐ, వెంటనే ‘లిస్టు’ అన్న మాట. ఆ పైన కలకత్తా దగ్గరి ఒక మిలిటరీ దవాఖాన పేరు, ఉత్తరం తర్వాత వస్తుందన్న మాట. అంతే.

డి, ఐ అనే మాట నేను ఎక్కడా చదవలేదు. లైను ఆ రోజు గరగరమంటోంది. చివర ‘ఇ’ చుక్క ఆ గోలలో పడిపోయి ఉంటుందనుకున్నాను. ‘ఇ’ కలిపితే ‘డై’, అంటే చావు. వ్యాకరణం ప్రకారం అక్కడ ‘డెడ్’ ఉండాలని నాకు తోచింది కూడా. టెలిగ్రాం భాషకు వ్యాకరణమేమిటని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. అనుమానం వస్తే రిపీట్ అడగాలి, అంటే అవతలివాణ్ణి మళ్ళీ కొట్టమనాలి. యుద్ధం వార్తలతో లైను నిండి ఉంది, అవతల సిగ్నలర్ తొందర పెడుతున్నాడు. అడగలేదు. వినని అక్షరాన్ని నా చేత్తో రాశాను.

టెలిగ్రాంలు పంచే ఖాజా మియాకు దాన్ని ఇస్తూ, వాళ్ళకు ఇంగ్లీషు రాదు కదా అని తెలుగులో అర్థం కూడా చెప్పి పంపాను. గాయపడి చనిపోయినవాళ్ళ లిస్టులో లింగయ్య పేరు పెట్టారని చెప్పమన్నాను. ఆయన సైకిల్ మీద వెళ్ళి చెప్పి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు.

మూడో రోజు పొద్దున కొమురయ్య ఆఫీసుకొచ్చాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. వెంట కోడలు సైదమ్మ, చేతుల నిండా గాజులతో. కులపెద్దలు దినాలు ఖాయం చేశారని, ఆ రోజు గాజులు తీయాలంటే ఈ పిల్ల ఒప్పుకోవడం లేదని ఆయన చెప్పాడు. “మల్లొక్కపారి సదువు సారూ. నీ నోట ఇంటె నమ్ముతదేమో.”

చదివాను. ఆమె కౌంటరు కడ్డీలు పట్టుకుని వింది.

“లిస్టుల పెట్టిర్రంటున్నవ్. సచ్చిపోయిండన్న మాట యాడున్నది?” అంది.

ఆ లిస్టంటేనే అర్థం అదని చెప్పాను.

“ఓట్ల లిస్టుల మా అత్త పేరు ఇంకున్నది. ఆమె సచ్చి ఆరేండ్లాయె. లిస్టుల ఉంటె సచ్చినట్లా, బతికినట్లా?”

కొమురయ్య ఆమెను వారించాడు. సారు అంత చదువుకున్నోడు, ఊకె చెప్తడా అన్నాడు. కాగితం మళ్ళీ చూశాను. చనిపోయాడన్న మాట నిజంగా ఎక్కడా లేదు. నేను కలిపిన అక్షరంలో తప్ప.

చుక్కలు, గీతలు కొట్టి పంపే మీట ఉంటుంది, దాన్ని కీ అంటాం. దాని దగ్గర కూర్చుని హైదరాబాద్‌ను రిపీట్ అడిగాను. జవాబు నిదానంగా వచ్చింది. డి. ఐ. తర్వాత ఖాళీ. మళ్ళీ అడిగాను. అదే ఖాళీ.

దాని అర్థం హైదరాబాద్ అతనికీ తెలియదు. ఎదురుగా రైసు మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్న రిటైర్డు హవల్దారు వెంకటయ్యను ఖాజా మియా పిలుచుకొచ్చాడు. ఆయనది కోదాడ. కాగితం చూసి వెంటనే చెప్పాడు. డి.ఐ. అంటే డేంజరస్లీ ఇల్, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళ లిస్టు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఇది చావు కబురు కాదయ్యా. బతికుండగానే ఇంటివాళ్ళు వచ్చి చూసుకోండని పిలుపు. ఎప్పుడొచ్చింది ఇది?”

మొన్న పొద్దున అన్నాను. ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు.

‘ఇ’ నేనే కలిపానని అందరి ముందూ ఒప్పుకున్నాను. కొమురయ్యకు అర్థమయినట్టు లేదు. సైదమ్మకు అర్థమయింది. “బస్సెప్పుడున్నది?” అని హవల్దారును అడిగింది.

మామా కోడలూ మధ్యాహ్నం బస్సుకే కోదాడ మీదుగా బెజవాడ వెళ్ళి, అక్కడ కలకత్తా రైలెక్కారు. వాళ్ళకు హిందీ రాదని వెంకటయ్య మిల్లులో సెలవడిగి తోడు వెళ్ళాడు. తండ్రీ భార్యా బయలుదేరారని దవాఖానకు టెలిగ్రాం కొట్టాను. ప్రతి అక్షరం రెండుసార్లు సరిచూసుకున్నాను. అప్పుడు చూసుకుని ఏం లాభం?

వాళ్ళు రైల్లో ఉండగానే ఢాకా విముక్తమైన వార్త వచ్చింది. సూర్యాపేటలో టపాకాయలు కాల్చారు. షావుకార్లు మిఠాయి తెచ్చి, ఢాకా ఎక్కడుందో చూపించమని గ్రంథాలయానికి పిలిచారు. అట్లాసు తెరిచాను. వేలు కలకత్తా దాటి ముందుకు పోలేదు. కళ్ళు సరిగా కనబడడం లేదని చెప్పి లేచి వచ్చాను.

వారం దాటాక వెంకటయ్య ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ళు చేరడానికి ముందు రోజు సాయంత్రమే లింగయ్య పోయాడట. “అంతకుముందు రెండు రోజులు తెలివితోనే ఉన్నాడంట. మాట్లాడాడంట” అని, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒకనాడు సైదమ్మ వచ్చింది. చేతులు బోడిగా ఉన్నాయి. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

“నువ్వు కలిపిన అక్షరం ఎంతుంటది సారూ?” అని అడిగింది.

నోటితో చెప్పలేక కీ మీద వేలు పెట్టి ఒక్కసారి నొక్కాను. టక్కుమంది.

“గింతేనా?”

తలూపాను. ఆమె కడ్డీల్లోంచి ఆ యంత్రం వైపు చూసింది.

“ఇంకొక్కపారి కొట్టు” అంది.

వేలు లేవలేదు. ఆమె కాసేపు ఎదురుచూసి వెళ్ళిపోయింది.

జరిగింది జరిగినట్టు రాసి మా పోస్టుమాస్టరు రామశర్మ గారి ద్వారా పై అధికారులకు పంపాను. శిక్ష పడింది, నా సర్వీసు పుస్తకానికి ఎక్కింది. అది తక్కువేనని ఇప్పటికీ అనుకుంటాను. వినని అక్షరం రాయకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. అది చెవులకు చెప్పిన జాగ్రత్త అనుకునేవాణ్ణి. చదువుకున్నవాడికి చెప్పిన జాగ్రత్త అని ఆ డిసెంబరులో తెలిసింది. నా చోట ఇంగ్లీషు అంతగా రానివాడు ఉంటే, ఇదేమిటో తెలియడం లేదని రిపీట్ అడిగి ఉండేవాడు. నాకు తెలియదన్న మాట నా నోటికి అలవాటు లేదు. ఆ తర్వాత పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ముందు ఆ మాటే అలవాటు చేశాను. నన్ను డిక్షనరీ అని పిలవవద్దని అందరినీ బతిమాలుకున్నాను.

ఇది రాయడానికి సాయపడినవారికి నమస్కారాలు. మరిచిపోయిన సంగతులు గుర్తుచేసిన ఖాజా మియాకు. మిల్లు పని వదులుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళతో అంత దూరం వెళ్ళిన హవల్దారు వెంకటయ్యకు. నా తప్పును దాచే దారి ఉన్నా దాచనివ్వని పోస్టుమాస్టరు రామశర్మ గారికి. పాత పత్రికలు వెతికిచ్చిన గ్రంథాలయం యాదగిరికి. గుండుతో వచ్చి కూడా నన్ను సారూ అనే పిలిచిన కొమురయ్యకు. నిఘంటువంతా తిరగేసిన నేను వేసుకోని ప్రశ్నను, సంతకం కూడా రాని సైదమ్మ వేసింది. ఆమె రెండు రోజుల ముందు వచ్చి అడిగి ఉంటే అనుకుంటాను. అంతలోనే సిగ్గేస్తుంది. అడగవలసింది ఆమె కాదు.