బయట కూర్చున్నందుకు బెల్లం

మా అత్తవారింట్లో ఆడదాని నెల సంగతి రహస్యం కాదు. ఆ మూడు రోజులూ వంటింటి గడప తొక్కకూడదు. పెరటి వరండాలో చాప వేసుకుని విడిగా కూర్చోవాలి. కంచం వేరు, చెంబు వేరు. మా శ్రీకాకుళం వీధిలో పెరళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉండేవి కాబట్టి ఎవరు బయటున్నారో, ఎవరు ఈ నెల కూర్చోలేదో గోడ మీంచి అందరికీ కనబడిపోయేది. కొత్త కోడలి విషయంలో మరీను. నేను చాప చంకన పెట్టుకుని వరండాలోకి రావడం చూస్తే చాలు, పక్కింటావిడ నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు వింటే నాకు ఒళ్లు మండేది. కడుపు నాదైతే నిట్టూర్పు ఆవిడకెందుకు?

మా అత్త పరాయిది కాదు, మా నాన్న చెల్లెలే. కళింగపట్నం దగ్గర మా ఊరి నుంచి, పట్నంలో కిరాణా కొట్టున్న ఇంటికి కోడలై వెళ్లింది. మామ పోయాక కొట్టు కొడుక్కి అప్పజెప్పి, ఆ కొడుక్కి నన్ను అడిగి చేసుకుంది. చిన్నప్పుడు ఆయన్ని బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు. అది అరవైల చివర. ఆ ఇంట్లో పసిపిల్ల ఏడుపు వినాలని అత్తకెంత ఆశో నాకు అంతకు రెండింతలు. పైకి చెప్పేదాన్ని కాదు. నాకు ముందే పొగరని పేరు.

పెళ్లయిన రెండో ఏడు నా నెలలు సన్నగిల్లాయి. ఒకసారి కనబడీ కనబడనట్టు వచ్చి పోయింది, ఆ తరవాత అదీ లేదు. నేను చాప తీయకపోవడం అత్త గమనించింది. నా కంచంలో నెయ్యి పెంచింది. ఆకలి కూడా అలాగే వేసేది. పొద్దున్న తరవాణి అన్నం తిన్న కాసేపటికే మళ్లీ కడుపు కాలిపోయేది. ఇద్దరి తిండి తింటున్నానని అత్త మురిసిపోయింది. తిన్నదంతా ఎటు పోతోందో మాత్రం తెలియదు. జాకెట్లు వదులైపోయాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆ బలమంతా లోపలి పిల్లే లాగేసుకుంటోందని అత్త తేల్చేసింది.

చలికాలంలో కూడా నాకు చెమటలు పట్టేవి. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి చీర మీద ఒలికేది. ఇక కోపం సంగతి చెప్పనక్కర్లేదు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైందని బావ నెమ్మదిగా అన్నందుకు, గిన్నెడు పప్పూ తీసుకెళ్లి పెరట్లో పారబోశాను. వేవిళ్ల కోపమని అత్త నన్నే వెనకేసుకొచ్చింది. ఆ పూట ఆ తల్లీకొడుకులిద్దరూ ఊరగాయతో తిన్నారు.

ఇక నలుగురికీ చెప్పుకోవచ్చని వీధంతా చెప్పుకున్నాక, అత్త నన్ను ఊళ్లోని లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ, కడుపు లేదమ్మా అంది. నేను బల్ల మీద నుంచి లేవలేకపోయాను. ఆవిడ నన్నలాగే చూస్తూ ఉండిపోయింది. తరవాత రెండు చేతులూ చాచమని, నా వేళ్ల మీద ఒక కాగితం పెట్టింది. అది ఆగకుండా వణికింది. మెడ తడిమి, గుటక వేయమంది. ఇది మన ఊళ్లో అయ్యే పని కాదు, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లండి అని చెప్పింది.

ఇంటికి నడిచి వస్తుంటే వీధిలో ఆడవాళ్లు అరుగుల మీదే ఉన్నారు. అందరికీ కబురు ముందే చెప్పేసుకున్నాం కదా, ఇప్పుడు ఏ ముఖంతో తిరగాలో తెలియలేదు. గదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. లేని బిడ్డ కోసం అంత ఏడుపు వస్తుందని నాకు అంతకు ముందు తెలియదు.

ఆమదాలవలస వెళ్లి రైలెక్కి, బావా నేనూ విశాఖపట్నం వెళ్లాం. అక్కడి డాక్టరు పెద్దాయన, ఓపికగా చెప్పాడు. మెడలో ఉండే థైరాయిడ్ అనే గ్రంథి నాకు అవసరానికి మించి పని చేస్తోందట. దాని వేగానికి ఒళ్లంతా పరిగెడుతోంది, అందుకే తిన్నది ఒంటికి పట్టడం లేదు, అందుకే నెలలు ఆగిపోయాయి అన్నాడు. రక్తం తీసుకున్నారు, మాత్రలు రాశారు. పిల్లలు పుడతారా అని నేనే అడిగాను. ముందు జబ్బు అదుపులోకి రావాలి, నెలలు వాటంతటవి మామూలుగా రావాలి, అప్పుడు పుట్టొచ్చు, అంతవరకూ పిల్లల ఊసు వద్దు అన్నాడు. ఆ చివరి మాట బావ వైపు చూసి అన్నాడు. బావ చెప్పులు చూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో విజయనగరం స్టేషన్‌లో బావ ఇడ్లీలు కొనుక్కొచ్చాడు. ఏడుస్తూ కూడా నాలుగూ తినేశాను. ఆ దిక్కుమాలిన ఆకలికి దుఃఖంతో పనిలేదు. పుట్టొచ్చు అన్నాడంటే పుట్టకపోవచ్చనేగా అన్నాను. బావ ఆకు మడిచి కిటికీలోంచి పారేసి, నా వైపు తిరిగాడు.

"పుట్టరని ఆయనన్నేదు. ఆయనన్నేని మాట నువ్వెందుకంతన్నావు?"

ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చాను.

అత్తకు జబ్బు పేరు చెప్పాం. ఆవిడకు అందులో 'రాయి' ఒక్కటే వినబడింది. కోడలి మెడలో రాయి పడిందని వీధంతా చెప్పింది. రాయికి ఉలవకట్టును మించిన మందు లేదని పక్కింటావిడ సలహా. ఇంకేం, రోజూ కుండ నిండా ఉలవలు ఉడికించి ఆ కట్టు నా చేత తాగించారు. ఊరికే చెమటలు కక్కే మనిషికి అంత వేడి చేసే పదార్థం పోస్తే ఎలా ఉంటుంది? పొద్దస్తమానం తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చునేదాన్ని. చివరికి బావ కొట్టు నుంచి వచ్చి, రాయీ లేదు రప్పా లేదని తల్లికి విడమర్చి చెప్పాల్సి వచ్చింది.

"మరి పేర్లో రాయెందుకెట్టినారు?" అంది అత్త. మిగిలిన ఉలవలు ఆవు తినేసింది.

రోజూ మాత్ర వేసుకోవడం, విశాఖ వెళ్లి చూపించుకు రావడం, మళ్లీ మాత్రలు. నిద్రలేవగానే, మంచం దిగకముందే నాడి చూడమని డాక్టరు బావకు నేర్పాడు. పెళ్లికి మా నాన్న పెట్టిన చేతిగడియారం ఒక చేత్తో, నా మణికట్టు ఇంకో చేత్తో పట్టుకుని, బేరం చేసేటప్పటి ముఖం పెట్టి కూర్చునేవాడు. "పిసరు తగ్గింది" అనేవాడు, కొట్లో తూకం చెప్పినట్టే. నాకు నవ్వొచ్చేది. నవ్వితే లెక్క తప్పుతుందని కసిరేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా మేం అంతసేపు చేతులు పట్టుకు కూర్చోలేదు.

మెల్లగా చేతుల వణుకు తగ్గింది. గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలిచాయి. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. అది జబ్బుది కాదు, నీ సొంతమేనని తేలిపోయిందన్నాడు బావ. ఇన్ని తగ్గినా నెల రాలేదు. పెరటి వరండాలో చాప గోడకు చుట్టగా ఆనించే ఉంది.

ఆ రోజుల్లోనే మామ తరఫు బంధువు ఒకావిడ వచ్చి, కొడుక్కి ఇంకో సంబంధం చూడమని అత్తకు చెప్పింది. నేను వంటింట్లో ఉన్నానని తెలిసే, గొంతు తగ్గించకుండా చెప్పింది. గరిటె పట్టుకుని బయటికి రాబోయాను. ఈలోపే అత్త గొంతు వినబడింది.

"దానికి ఒంట్లో బాగోనేదు, మందేసుకుంతన్నాది. నా అన్న కూతురది. ఈ మాట ఇంకోపాలి నా ఇంట్లో అనకు."

ఆవిడ కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. నేను గరిటె తీసుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాను.

తొలకరి వానలు పడుతున్నాయి. ఒక ఉదయం పొయ్యి రాజేయబోతూ తెలిసింది. కాసేపు నమ్మలేదు. అగ్గిపెట్టె అక్కడే వదిలేసి, వరండాలోకి పోయి, చాప దులిపి పరుచుకుని కూర్చున్నాను. బయటున్నానత్తా అని కేకేశాను. అంతకు ముందు ఆ మాట చెప్పిన ప్రతిసారీ అత్త ముఖం వాడిపోయేది. ఈసారి తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. మడీ ముట్టూ అంతా మరిచిపోయి, చాప మీదికి వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది. తరవాత గుర్తొచ్చి, అంటుకుంటుంటే ఊరుకున్నావేమని నన్నే తిట్టి, వానలోనే నూతి దగ్గరికి పోయి తలమీద నీళ్లు గుమ్మరించుకుంది.

తల తుడుచుకోకుండానే కొట్టు నుంచి బెల్లం తెప్పించి గోడ మీంచి పంచింది. కోడలు నీళ్లోసుకుందా అని పక్కింటావిడ సంబరంగా అడిగింది.

"నేదు. బయటకూకున్నాది."

బెల్లం ముక్క నోటి దగ్గర పెట్టుకుని ఆవిడ అలాగే ఉండిపోయింది. ఆ మూడు రోజులూ నేను ఆ చాప మీద మహారాణిలా కూర్చున్నాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆ తరవాత నెలలు క్రమంగా వచ్చాయి. ఆ ఏటి పంట కోతల నాటికి విశాఖ డాక్టరు మాత్రలు తగ్గించి, ఇక మీ ఇష్టం అన్నాడు. మళ్లీ వేసవి వచ్చింది. ఒక నెల చాప తీయలేదు. ఆ పై నెలా తీయలేదు.

ఈసారి ఇంట్లో ఎవరూ మురవలేదు. నా కంచంలో నెయ్యి పెరగలేదు. అన్నం వడ్డిస్తూ అత్త నా చేతుల వంకే చూసేది, వణుకుతున్నాయా అని. ఒకసారి మారు అన్నం అడిగితే ఆవిడ ముఖం పాలిపోయింది. బావ నాడి రెండుసార్లు చూసి, బాగానే ఉన్నాదనేవాడు, కానీ ఆయన గొంతులో ధీమా లేదు. నాకు మాత్రం ఉందా? ఆశ పడాలంటే భయం. ఒకసారి ఊరంతా చెప్పుకుని పడిన అవమానం చాలు.

చివరికి అత్తే నన్ను లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తాను లోపలికి రానని వసారాలో బల్ల మీద కూర్చుండిపోయింది. డాక్టరు నాడి చూసింది, మెడ చూసింది, చేతులు చాచమంది. బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు పరీక్షించింది. ఈసారి చేతులు కడుక్కోకముందే చెప్పింది. మాత్రల సంగతి విశాఖలో మళ్లీ కనుక్కోమని కూడా ఏదో చెప్పింది, నాకు ఎక్కలేదు.

నేను బయటికి రాగానే అత్త లేచి నిలబడింది.

"రోగం తిరగబెట్టిందేటే?"

లేదన్నట్టు తల ఊపాను. అత్త కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులు వేసుకుని, ఇంటికి పోదాం పదమంది. మెట్లు దిగబోతూ ఆగి, ఏమీ అర్థం కాని ముఖంతో నా వైపు తిరిగింది.

"మరి రోగం కాపోతే, నెలెందుకు రానేదే?"

నేను ఒక ముద్ద ఎక్కువ తింటే మనవడే అనుకున్న మనిషి. ఆవిడకు ఆ కారణం గుర్తే రాలేదు. ఇన్నాళ్లూ నా గురించే భయపడిందని అప్పుడు తెలిసింది నాకు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని నా పొట్ట మీద పెట్టాను. మొదట అలాగే చూసింది. తరవాత ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది. ఏడుస్తూనే నా చీర కుచ్చిళ్లు పట్టుకు లాగి, నన్నూ కూర్చోమంది. ఇలాంటప్పుడు ఎక్కువసేపు నిలబడకూడదట.