బాబుపేట్ మిస్త్రీ, నా కడుపుమంట

మా సడ్డకుడు పోయిండు. రెండు వారాల కింద, సోమవారం పొద్దుగాల షెడ్డు షట్టర్ లేపుతుంటే గుండె పట్టేసిందట. పక్క టీ కొట్టాయన ఆటోల వేసుకొని దవాఖానకు పోయేలోపే అయిపోయింది. నా భార్య ఫోన్ పట్టుకొని "బావ పోయిండయ్యా" అని ఏడుస్తుంటే, నా మనసుల మొదలు ఏ మాట మెదిలిందో చెప్తే మీరు నన్ను చీదరించుకుంటరు. అయినా చెప్త. "ఇగ బాబుపేట్ బండ్లు గూడ లాల్‌పేట్‌ల నా గ్యారేజీకే రావాలె" అనుకున్న. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన నా భార్య అక్క మొగుడు. నాకంటే ఆరేండ్లు పెద్ద. మా ఇద్దరి నాయినలు బొగ్గు బాయిల పనికని ఈ మరాఠోళ్ల ఊరికి, చంద్రపూర్‌కు, వచ్చినోళ్లు. ఇద్దరం కార్లు బాగుచేసే మిస్త్రీ పని ఒక్క ఉస్తాద్ దగ్గరనే నేర్సినం. ఆయనది బాబుపేట్‌ల రేకుల షెడ్డు. నాది లాల్‌పేట్‌ల టైల్స్ వేసిన గ్యారేజీ. నా దగ్గర, కార్ల రోగాన్ని కోడ్ రూపంల చూపించే పెద్ద స్కానర్ ఉన్నది, ఆయన దగ్గర అరచేతిల పట్టే చిన్నది. అయినా చంద్రపూర్‌ల ఎవరి కార్ల ఇంజన్ లైటు వెలిగినా ముందుగాల ఆయన దగ్గరికే పోతురు. నాకు కడుపు కాలేది.

కారు రాంగనే ఆయన బానెట్ లేపేటోడు గాదు. కారు తెచ్చినాయనను కూసోబెట్టి, చాయ తెప్పించి, దవాఖానల డాక్టర్ అడిగినట్టు అడిగేది. "ఎప్పటిసంది? చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? ఎక్కుడు మీదనా, సాపు రోడ్డు మీదనా?" తర్వాత ఆయననే పక్కన కూసోబెట్టుకొని, ఏసీ, పాటలు అన్నీ బంద్ జేసి, ఒక రౌండ్ కొట్టొచ్చేది. స్కానర్ ఆఖరుకు. "ఏడ నొప్పో కోడ్ చెప్తది తమ్మీ, ఎందుకు నొప్పో మనమే అడగాలె" అనేటోడు. ఆ మాట ఇన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నిజమని తెలుసు గాబట్టే మండేది.

రెండేండ్ల కింద ఆవర్‌పూర్ సిమెంట్ కాలనీల ఉండే ఒక సార్ నా దగ్గరికి కారు తెచ్చిండు. లైటు వెలుగుతుంది, ఎక్కుడు మీద బండి గుంజుతలేదు, ఎగిరెగిరి పడుతుంది అన్నడు. స్కానర్ పెట్టిన. ఇంజన్‌ల గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతుందని కోడ్ వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ మార్చి కోడ్ తుడిసేసిన. లైటు ఆరింది. నాలుగు దినాలకు మళ్ల వెలిగింది. పెట్రోల్ పంపు మార్చిన. మళ్ల వెలిగింది. మూడోసారి సార్ నా దిక్కు రాలే. కారు బాబుపేట్‌ల మా సడ్డకుని షెడ్డుల ఉన్నదని తెల్సింది.

"ముందే బావను అడిగితే పోయేది గదా" అన్నది నా భార్య. ఆ మాటతోటే స్కూటర్ తీసిన. షెడ్డు ముంగట నిలబడి, నలుగురు ఇనేటట్టు, "నా గిరాకీని గుంజుకుంటే నీకు కడుపు నిండుతదా అన్నా?" అన్న.

ఆయన చేతులు తుడుసుకుంట వచ్చిండు. "మంచి టైముకు వచ్చినవ్. నేను ఇంక ముట్టలే. ఇట్ల పక్కకు నిలబడి చెవి పెట్టు" అన్నడు.

కార్ల కూసొని, బ్రేకు గట్టిగ తొక్కి, గేరు వేసి క్లచ్ జరంత వదిలిండు. ఇంజన్ ఒక పక్కకు వొరిగింది. సుయ్‌మని సన్నగ ఇనొచ్చింది. బంద్ చేయించి ఎతికిన. గాలి ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం మడతల, కింది దిక్కు పగులు! ఇంజన్ నిమ్మళంగ ఉంటే మూసుకొని ఉంటది, బరువు పడి వొరిగితే నోరు తెరుస్తది. లెక్కల లేని దొంగగాలి ఆ పగులుకెల్లే ఇంజన్‌లకు పోతుంది. నేను పీకేసి మార్చిన పాత సామాన్లల్ల ఏ తప్పూ లేదు.

"దొరికిందా?"

"దొరికింది."

ఆయన అక్కడనే సార్‌కు ఫోన్ చేసిండు. "మా తమ్ముడొచ్చి పట్టిండు సార్. కారు ఆయన గ్యారేజీలనే తీసుకోండ్రి."

అప్పుడు చూసిన. ఆ నల్ల గొట్టం మీద, పగులు పక్కన, సుద్దతోటి గీసిన చిన్న గీత. నేను రాకముందే పట్టిండు. ఇంక ముట్టలే అన్నది అబద్ధం.

ఆయన మీద నాకు ఆ దినం ఉన్నంత కుళ్లు ఎన్నడు లేదు. పని వస్తది సరే, మనసు గూడ పెద్దగనే ఉండాల్నా? రెండూ ఒక్కనికే ఎందుకియ్యాలె? గీత బొటనేలితోటి తుడిసి, ఒక్క మంచి మాటనకుండ కారు తెచ్చుకున్న. తర్వాత గూడ అనలే. ఇగ అనేదానికి ఆయన లేడు.

శవం లేపే దినం బాబుపేట్ సందు పట్టనంత మంది. రాజురా దిక్కు రైతులు జీపులల్ల దిగిండ్రు. ఒక ముసలాయన "ఆమ్‌చా మిస్త్రీ గేలా" అని, మా మిస్త్రీ పోయిండని, మరాఠీల ఎక్కెక్కి ఏడ్సిండు. నేను పాడె మోసుకుంట, నేను పోతే ఇంతమంది వస్తరా అని చూసుకున్న. ఆడ గూడ పోలే నా కుళ్లు.

పదకొండో దినం అయినంక వదిన నా చేతుల తాళంచెవి పెట్టింది. "షెడ్డుల గిరాకీది ఒక్క కారు మిగిలింది. పని అయిపోయిందని తను పోయే ముందటి దినమే చెప్పిండు. నువ్వే ఇచ్చిరావా?" అన్నది.

మా సడ్డకుడు పొట్టి మనిషి. ట్రయల్ కొట్టేటప్పుడు సీటు బాగ ముందుకు జరుపుకున్నట్టున్నడు. నేను ఆరడుగులోణ్ని. కూసుంటే మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలినయి. సీటు కిందికి చెయ్యి పోనిచ్చిన. సీటు ఎనుకకు జరిపే కడ్డీ దొరికింది. గుంజలే. మోకాళ్లు చెరో దిక్కు పెట్టుకొని, ఒళ్లంత ముడుసుకొని, బాబుపేట్ సందులకెల్లి ఆ కారును మెల్లగ నడుపుకుంట పోయిన.