అత్త కషాయం, అత్త కంజి

మా మేనత్త పోయి ఇవాళ్టికి పదహారు దినాలు. ఎట్లా పోయిందని అడిగిన వాళ్లందరికీ "నోట్లో పుండు" అని చెప్పి చెప్పి నాకు విసుగెత్తింది. ఆ మాట వినగానే ప్రతివాడూ ఒకసారి నా మొహంలోకి చూస్తాడు. ఇంట్లో డాక్టరు ఉండగా, అందులోనూ ఈ ఊళ్లో సగంమంది పళ్లు పీకిన డాక్టరు ఉండగా, నోట్లో పుండుతో మనిషి ఎట్లా పోతుందని వాళ్ల సందేహం. మర్యాద అడ్డం వచ్చి అడగరు. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

అత్త మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే మామ పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను మద్రాసులో చదువు ముగించి రాజపాళయం వచ్చి, మా ఇంటి ముందు గదిలోనే డిస్పెన్సరీ తెరిచేనాటికి ఆమెకు యాభై దాటాయి. అప్పట్లో పళ్లకని వేరే డాక్టరు లేడు. జ్వరానికీ నేనే, పంటికీ నేనే. మిల్లు పనివాళ్లు, సేత్తూరు రైతులు, తళవాయిపురం ఆడవాళ్లు దవడకు తుండు కట్టుకుని వచ్చేవాళ్లు. ముందు గదిలో నేను పన్ను పీకేవాణ్ణి. వాళ్లు అటునుంచి అటే పక్క సందులోంచి వెనక వసారాకు వెళ్లేవాళ్లు. అక్కడ అత్త చెంబుల్లో కషాయం పోసి పంపేది.

జాజి ఆకు, తుమ్మ బెరడు, కరక్కాయ పెచ్చు, చిటికెడు ఉప్పు. నీళ్లు సగానికి ఇంకేదాకా కాచి వడగట్టేది. అందులో రహస్యమేమీ లేదు, అడిగిన వాళ్లందరికీ చెప్పేది. గొడవ కషాయంతో కాదు, దాన్ని ఎప్పుడు నోట్లో పోసుకోవాలన్న దానితో వచ్చింది.

నేను చదువుకున్నది పర్మాంగనేటు నీళ్లు. పన్ను పీకిన గంటకల్లా ఆ ఎర్రనీళ్లతో బాగా పుక్కిలించమని చెప్పేవాణ్ణి. మావాళ్లకు అది మరీ నచ్చింది. నోట్లో నెత్తురు పడితే పదిసార్లు కడిగితే గాని వంటింటి గడప దాటని జనం. అత్త మాత్రం వాళ్లను ఆపేది.

"మొదటి దినం చుక్క నీళ్లు వద్దప్పా. గుంటలో నెత్తురు గడ్డ కట్టినది చూడు, అదే దానికి మూత. మూత నువ్వే పీకి పారేస్తే లోపల కండ ఎట్ల ఊరేది? రెండో దినం నుంచి పోసుకో. పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు. తల వంచి నోరు తెరువు, దాని పాటికి అదే పడిపోతాది."

నాకు ఒళ్లు మండింది. "నా పేషెంట్లకి నువ్వెందుకు వైద్యం చెప్తావు అత్తా?" అని అడిగాను.

"నేనెక్కడ చెప్పినాను? పన్ను నీది, గుంట నాది. నీ పని నువ్వు చూడు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా అనుకుని ఆమె మాట చెవిన వేసుకోలేదు. కానీ మూడో నాడు నొప్పితో ఏడుస్తూ వచ్చేవాళ్లంతా నా మాట విన్నవాళ్లే. చూస్తే గుంట ఖాళీగా, అడుగున ఎముక తెల్లగా కనిపించేది. అత్త మాట విన్నవాళ్లు మళ్లీ నా గడప తొక్కేవాళ్లు కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒప్పుకున్నదీ నా మనసులోనే. మొదటి దినం నీళ్లు వద్దన్న ఆమె మాటను నా మాటగా చెప్పడం మొదలుపెట్టాను. ఆమె గోడ అవతల నుంచి వింటూనే ఉండేది. ఒక్కసారి ఎత్తిపొడిచినా నా మనసు తేలికయ్యేది. ఎత్తిపొడవలేదు.

ఆమె వైద్యంలో లెక్కంతా దినాలదే. ఏడో నాడు వచ్చి చూపించమనేది. మనిషిని ఎండవైపు తిప్పి నిలబెట్టి, గరిటె కాడతో బుగ్గ పక్కకు తీసి చూసేది. ఎంగిలి కనుక వేలు పెట్టేది కాదు. "ఏడుకి అంచులు దగ్గరపడాలి. మూడు వారాలకి పూడాలి. పూడలేదా, ఇక్కడ ఉండొద్దు, ముందు గదికి పో. నా నీళ్లు మంచి పుండుకే." అట్లా ఆమె నా దగ్గరికి తోలిన వాళ్లలో ఒక్కరు కూడా ఊరికే వచ్చినవాళ్లు కాదు.

ఆమెకున్న ఒకే ఒక్క సుఖం పొగాకు. కుడి బుగ్గలో ఎప్పుడూ ఒక తునక ఉండేది. మా పెద్దవాళ్లందరి బుగ్గల్లోనూ ఉండేది కాబట్టి నేను పట్టించుకోలేదు. ఈ మాట రాస్తుంటే నన్ను నేనే తిట్టుకోవాలనిపిస్తోంది.

నిరుడు దీపావళి వానల్లో ఒక పత్తి జిన్నింగు పనివాడి దవడపన్ను పీకాను. నాలుగు దినాల తర్వాత వాణ్ణి ఇద్దరు మోసుకొచ్చారు. మెడ దాకా వాచి, మింగుడు పడక, ఒళ్లు కాలిపోతూ ఉన్నాడు. చీము తీసి, సల్ఫా బిళ్లలు వేసి, ఎట్లాగో బతికించాను. నా దగ్గరికి రాకుండా వాడు అత్త కషాయమే పోసుకున్నాడని తెలిసింది. ఆమెను ఒక్క ముక్క అడగలేదు. పదిమంది వింటుండగా, ఇక నా రోగులకు ఒక్క చుక్క పోసినా ఊరుకోనని అరిచాను. ఆమె గిన్నె కడిగి బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

వాడికి నయమయ్యాక వాడే చెప్పాడు. "అమ్మ రెండో దినమే ముందు గదికి పొమ్మనినారు సార్. కత్తికి బయపడి నేనే పోలేదు."

ఆ మాట నేను వెంటనే వెళ్లి అత్తకు చెప్పి ఉండాలి. చెప్పలేదు.

మా ఇళ్లలో ఆడవాళ్ల కోపానికి ఒక పద్ధతి ఉంది. అరవరు, ఏడవరు. మాట మానేసి, అందరితోపాటు అన్నం మానేసి, వేరే గిన్నెలో కంజి, అంటే పల్చని గంజి, కాచుకుని తాగుతారు. కోపం తెప్పించినవాడు స్వయంగా వచ్చి అన్నం కలిపి పెట్టేదాకా అదే తిండి. మా అమ్మ ఒకసారి నాన్న మీద తొమ్మిది దినాలు తాగింది. ఎవరూ కంగారు పడలేదు. ఎవరు పెట్టాలో వాళ్లే పెట్టాలని ఊరుకున్నారు.

అత్త కంజి మొదలుపెట్టిందని మర్నాడే తెలిసింది. నేనే వెళ్లాలనీ తెలుసు. నా భార్య వారానికొకసారి చెప్పేది. "పోయి ఒక ముద్ద పెట్టేసి రాండి. రొంబ నాళ్లయినది. ఆమె ఎట్లుందో చూసినారా?"

"ఆమె ముందు మాట్లాడనీ," అనేవాణ్ణి.

ఎంత తలబిరుసు! చిక్కిపోయిందంటే పంతం అనుకున్నాను. పళ్లు బిగించి గొణిగిందంటే నా మీద కసి అనుకున్నాను. బజారులో ఎదురైన వాడి నడక చూసి వాడి రోగం చెప్పే నేను, నట్టింట్లో ఆరు నెలలు ఆమె దవడ చూడలేదు.

చిత్తిరై నెల ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, అన్నంలో పప్పు కలుపుకుని పళ్లెంతో వెనక వసారాకు వెళ్లాను. "అత్తా, నాదే తప్పు. తిను," అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని మొహం ముందుకు పెట్టింది. ముద్ద పోలేదు. పళ్ల మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు కూడా లేదు. అప్పుడు తగిలింది ఆ వాసన. ఆ వాసన నాకు మద్రాసు ఆసుపత్రి క్యాన్సరు వార్డు నుంచీ తెలుసు.

ఆగి ఆగి, పళ్ల సందులోంచి చెప్పింది. కదిలిపోయిన పన్నును తనే దారం కట్టి పీకేసుకుందట, మా గొడవకు కొంచెం ముందు. "మూడు వారాలకి పూడలేదు. అప్పుడే తెలిసినది నాకు."

"తెలిసి ఎందుకు చూపించలేదు?" అని అరిచాను. అప్పుడూ అరిచాను.

"మొదట కోపంతోనే కంజి తాగినానురా. నువ్వు అన్నం పెట్టను వస్తావు కదా, వచ్చిన దినం చూపిద్దామని ఉండినాను. అప్పరం నోరే తెరవను రాలేదు."

మధురైకి తీసుకెళ్లాను. ఆలస్యమైందన్నారు. అది నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మద్రాసుకు రానని ఆమె మొండికేసింది. రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలలూ నా భార్య అత్తకు అత్త కషాయమే కాచి పోసింది, పుండు మానడానికి కాదు, వాసన తగ్గడానికి. నాకు అత్త మీద కోపం ఇంకా పోలేదు. ఇంత తెలిసిన మనిషి అంత పంతం పట్టవచ్చునా? పన్నెండు అడుగులు నడిచి ముందు గదికి రాకూడదా? అవే పన్నెండు అడుగులు నేనూ నడవలేదు. ఎటు తిరిగినా నా కోపం అక్కడికే వచ్చి ఆగుతోంది.

పళ్లెంతో వెళ్లిన ఆ మధ్యాహ్నం అత్తను ఎండవైపు తిప్పి, పెదవి పక్కకు తీసి, కనిపించినంత చూశాను. ఆ తర్వాత ఆమె ముందే నేల మీద కూర్చున్నాను. నా నోరు తెరుచుకునే ఉండిపోయిందని నాకు తెలియలేదు. అత్త చెయ్యి చాచి, నా గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, మెల్లగా పైకి నెట్టి మూసింది.